జాబితాలో ఏడోది

సెవ్గీకి జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఏ గదిలోనో తెలుసు, ఏ రోజో తెలుసు, గడియారంలో ముల్లు ఎక్కడుందో కూడా చెప్పగలను. "కచ్చితంగా చెప్పలేం డాక్టర్" అని ఆ వసంతమంతా నా మొహం మీద అన్నవాళ్ళలో ఒక్కడు కూడా ఆ గదిలో లేడు.

అది 2020 మార్చి, పంతొమ్మిదో తేదీ, గురువారం. మా ఊరి లైయె నదిలో సరుకు పడవ నడిపి రిటైరైన అఖీల్ అనే డెబ్భై ఒక్కేళ్ళ ముసలాయన్ని మధ్యాహ్నం తీసుకొచ్చారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగిపోయింది. గంట గంటకీ చావు దగ్గరకొచ్చే జబ్బది. "రెండ్రోజులుగా దగ్గుతున్నాడమ్మా" అంది ఆయన భార్య గుమ్మంలోనే. కోవిడ్ పరీక్ష ఫలితం రావడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ చిరుగు ఆరు గంటలు ఆగదు.

గుండె ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ని నేను. మత్తిచ్చి, ఊపిరి గొట్టం వేశాక నాకు ఇంకో పని ఉంటుంది. వేలు లావున్న నల్లటి ప్రోబ్‌ని రోగి నోట్లోంచి అన్నవాహికలోకి దించుతాను. దాని కొన సరిగ్గా గుండె వెనక్కి చేరుతుంది. తెరమీద గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. ఏ కవాటం కారుతోందో, చిరుగు ఎక్కడిదాకా పాకిందో నేను చూసి చెప్తే సర్జన్ దాన్నిబట్టి కోస్తాడు. మేం దాన్ని గొంతు స్కాన్ అంటాం. ఆ ప్రోబ్ దిగాలంటే ఎవరో ఒకరు రోగి దవడ ఎత్తి పట్టుకోవాలి. పదకొండేళ్ళుగా ఆ దవడ ఎత్తేది మా నర్సు సెవ్గీ. రోగి నోటికీ ఆమె మొహానికీ మధ్య రెండు జానలు ఉంటే గొప్ప.

వైరస్‌ని ఆపే గట్టి మాస్కులు రెండు పంపమని స్టోర్స్‌కి ఫోన్ చేశాను.

"ఏ పనికి డాక్టర్?" అందొక అమ్మాయి.

"ఊపిరి గొట్టానికీ, గొంతు స్కాన్‌కీ."

"గొట్టానికైతే ఒకటి ఇస్తాను. గట్టి మాస్క్ ఇవ్వాల్సిన పనుల జాబితాలో గొంతు స్కాన్ లేదండీ."

"నిన్నటిదాకా ఉంది కదా! ఏడోది అదే!"

"ఈ పొద్దున కొత్త జాబితా వచ్చింది. ఇప్పుడు ఆరే ఉన్నాయి."

ఒక్క మాస్క్ వచ్చింది, గోధుమరంగు కవర్లో. అది చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

"అలా దేవుడి ప్రసాదంలా చూస్తావేం డాక్టరమ్మా, పెట్టుకో" అంది సెవ్గీ. నన్నామె ఎప్పుడూ వెటకారంగా డాక్టరమ్మా అనే పిలిచేది.

"నీకో?"

"నాకు నీలం మాస్క్ ఉంది, కళ్ళద్దాలున్నాయి. గొట్టం వేసేది నువ్వు. నువ్వు పడిపోతే వీడికి మత్తు ఎవరిస్తారు, నేనా? మా ఆయన పంపిన పెట్టె ఉంటే ఇద్దరం దర్జాగా పెట్టుకునేవాళ్ళం. దాన్నేమో తాళం వేసి దాచారు మహానుభావులు."

ఆమె భర్త ఓర్హాన్ కార్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేస్తాడు. పాత రంగు గీకేటప్పుడు పెట్టుకునే గట్టి మాస్కులు ఒక పెట్టెడు, ముప్ఫై, భార్య చేతికిచ్చి పంపాడు. బయటి మాస్కులు వాడరాదు, ఒకరు పెట్టుకుంటే అందరూ అడుగుతారు అని డైరెక్టర్ గారు సర్క్యులర్ పంపారు. పెట్టె పట్టుకెళ్ళి ఆఫీసు బీరువాలో పెట్టారు.

నేను ఆ మాస్క్ పెట్టుకున్నాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎవరి మీద నిప్పులు కక్కినా, నేను పెట్టుకున్నానన్న మాట దాచి కక్కలేను.

ప్రోబ్ సులువుగా దిగలేదు. ముసలాయన మెడ బిర్రబిగిసి ఉంది. కాస్త నొక్కి తోశాను. ఆ తోపుకి ఊపిరి గొట్టం అతుకు ఊడిపోయింది. ఊపిరి యంత్రం నెట్టిన గాలి, తేమతో సహా, నేరుగా సెవ్గీ మొహమ్మీదికి చిమ్మింది. ఆమె ఒక చేత్తో దవడ వదల్లేదు. రెండో చేత్తో అతుకు వెతికి పట్టుకుని బిగించింది. గోడమీద గడియారం నాలుగూ పది.

"మొహం తుడుచుకో!" అని అరిచాను.

"తర్వాత. ముందు నీ బొమ్మ చూడు."

చూశాను. చిరుగు ఎక్కడుందో చెప్పాను. ముసలాయన బతికాడు. ఏప్రిల్లో తన కాళ్ళమీద తాను నడిచి ఇంటికెళ్ళాడు. పరీక్ష ఫలితం మాత్రం మర్నాడు వచ్చింది. పాజిటివ్.

అయిదో రోజు సెవ్గీకి జ్వరం. పదో రోజు, ఆమెకి ఊపిరి గొట్టం వేసింది నేనే. అప్పుడు ఆమె దవడ ఎత్తి పట్టుకున్నది ఎవరో కొత్త నర్సు. నిద్రలోకి జారేముందు సెవ్గీ, "మెల్లిగా తొయ్యి డాక్టరమ్మా, నా మెడ కూడా గట్టిదే" అంది.

*

అప్పటికే నేను ఇంట్లో అటక గదికి మారాను, జబ్బు కిందికి తేకూడదని. నా భర్త యోస్ట్, పదహారేళ్ళ మా అమ్మాయి టీనె కింద. భోజనం పళ్ళెం మెట్లమీద పెట్టి వెళ్ళేవాళ్ళు. యోస్ట్ అదే ఆసుపత్రిలో స్టోర్స్ అధికారి. సూదులు, గుడ్డలు, గ్లవ్స్, మాస్కులు, అన్నీ అతని చేతిమీదుగానే వస్తాయి. ఆ రోజుల్లో పొద్దున్నే వెళ్ళి, చైనా నుంచి రావాల్సిన లారీ కోసం ఫోన్లో బతిమాలి బతిమాలి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు.

ఆ గురువారం సాయంత్రమే అతన్ని అడిగాను, నేను మెట్ల పైన, అతను కింద.

"గొంతు స్కాన్‌ని జాబితాలోంచి ఎవడు తీసేశాడు?"

"మాస్కుల కమిటీ" అన్నాడు.

"కమిటీలో ఎవడు?"

"ఎనిమిదిమంది ఉంటారు లీవా. ఒక్కొక్కరినీ పట్టుకుని అడుగుతావా? తిను, చల్లారిపోతుంది."

నమ్మాను. పంతొమ్మిదేళ్ళ కాపురంలో అతను నాతో అబద్ధమాడింది లేదు. ఆరోజు కూడా ఆడలేదనే అంటాడు, ఇప్పటికీ.

వీధిలో ఇంటింటికీ తెల్లదుప్పట్లు వేలాడదీశారు, మా లాంటివాళ్ళకి మద్దతట. సాయంత్రం ఎనిమిదికి కిటికీల్లోంచి చప్పట్లు. సెవ్గీకి గొట్టం వేసిన రోజు సాయంత్రం ఆ చప్పట్లు మొదలవగానే అటక కిటికీలోంచి చెయ్యి చాపి మా దుప్పటి లాగిపారేశాను.

"అమ్మా! అది నీకోసమే కట్టాను!" అని కింది నుంచి టీనె గొంతు.

"నాకు దుప్పటి ఎందుకే? ఒక్క మాస్క్ కట్టమను, చాలు!"

అది ఏడ్చింది. దాన్ని ఏడిపించినందుకు ఇంకా కోపమొచ్చింది, నామీద కాదు, వాళ్ళందరిమీదా.

ఆసుపత్రి కార్లు నిలిపే చోట ఓర్హాన్ రోజూ నిలబడేవాడు. లోపలికి రానివ్వరు. అయిదో అంతస్తు కిటికీల్ని లెక్కపెట్టి, ఎడమనుంచి నాలుగోదాన్ని, సెవ్గీ ఉన్నదాన్ని, చూస్తూ ఉండేవాడు. నేను డ్యూటీ దిగి వెళ్ళి, దూరంగా నిలబడి, ఆక్సిజన్ ఎంతుందో, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పేదాన్ని. ఒకరోజు మధ్యలో ఆపేశాడు.

"డాక్టర్ గారూ, అంకెలు వద్దు. ఒక్కటి చెప్పండి. నేను కార్లు గీకడానికి ఆ మాస్క్ పెట్టుకోకపోతే మా సేఠ్ నన్ను పనిలోంచి తీసేస్తాడు. మా ఆవిడ పెట్టుకుంటే మీ సార్లు తీసేస్తామన్నారు. దుమ్ముకి భయపడాలి గానీ జబ్బుకి భయపడకూడదా?"

అతనివైపు చూడలేక కిటికీవైపే చూశాను.

*

మర్నాడు పొద్దున్నే సర్జన్ రైకార్ట్ గదికి వెళ్ళాను. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం, ఎవరిమాటా వినని మనిషి.

"ఇకమీదట మా వాళ్ళకి గట్టి మాస్క్ లేకుండా నేను గొంతులోకి ప్రోబ్ దించను" అన్నాను.

"మరి కళ్ళకి గంతలు కట్టుకుని కొయ్యమంటావా?"

"అక్కర్లేదు. ఛాతీ తెరిచాక గుండె మీ ముందే ఉంటుంది. నేరుగా గుండె మీద ఆనించే చిన్న ప్రోబ్ మన బీరువాలో మూడేళ్ళుగా మూలుగుతోంది. శుభ్రమైన తొడుగు వేసిస్తాం. మీరు పట్టుకుని గుండె మీద పెట్టండి. నేను అవతల నిలబడి తెర చూసి చెప్తాను. నోరు తెరవక్కర్లేదు, దవడ ఎత్తక్కర్లేదు, ఎవరి మొహమ్మీదా ఏదీ చిమ్మదు."

"నేను సర్జన్ని లీవా. ఫొటోలు తీసేవాణ్ణి కాను."

"సెవ్గీ కూడా నర్సే సార్. గాలి పీల్చే యంత్రం కాదు."

సెవ్గీ ఆయన ఆపరేషన్లలో పదకొండేళ్ళు పనిచేసింది. "ఏ కేసు ముందు?" అన్నాడు చివరికి.

మొదటి కేసు ఒక బేకరీ ఆవిడ. కవాటం తెగి ఊపిరాడని స్థితిలో వచ్చింది. ఆయన కవాటం కుట్టాడు. గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టాక తొడుగు వేసిన ప్రోబ్‌ని దానిమీద ఆనించాడు, వేడి పెనం ముట్టుకున్నట్టు.

"ఏం కనిపిస్తోంది?"

"మీ బొటనవేలు. కాస్త ఎడమకి."

"ఎవరి ఎడమ?"

"గుండె ఎడమ సార్! నా ఎడమ కాదు!"

గదిలో ఎవరో నవ్వారు. మూడు వారాల్లో ఆ గదిలో అదే మొదటి నవ్వు. ఆయన జరిపాడు, వంచాడు, తిట్టుకున్నాడు, మళ్ళీ వంచాడు. అప్పుడు బొమ్మ తెరుచుకుంది. వెనక నుంచి చూడ్డానికి అలవాటుపడ్డ గుండెని ముందు నుంచి చూస్తున్నాను. తెలిసినవాళ్ళ ఇంట్లోకి దొడ్డిదారిన వెళ్ళినట్టుంది. ఎక్కడ ఏముందో వెతుక్కోవడానికి ఒక నిమిషం పట్టింది.

"ఇంకా కారుతోంది. వెనక మూల, ఒక కుట్టు వదులు."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన మళ్ళీ విప్పి, ఆ కుట్టు బిగించాడు. ఈసారి కారలేదు. గ్లవ్స్ విప్పుతూ, "రేపు కూడా ఇలాగే" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

అన్ని కేసులూ ఇలా కుదరవు. ఛాతీ తెరవకముందే లోపల చూడాల్సినవి కొన్ని, మూసేశాక చూడాల్సినవి కొన్ని. వాటికి గొంతు దారి తప్పదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో కూర్చుని ఒక కాగితం రాశాను. రోగి మొహమ్మీద పారదర్శకమైన షీటు కప్పాలి. ప్రోబ్ దించే కాసేపు యంత్రం ఆపాలి. గదిలో ఇద్దరే ఉండాలి, ఆ ఇద్దరికీ గట్టి మాస్కులుండాలి. అవి లేకపోతే ఆ స్కాన్ లేదు. కింద నేను సంతకం పెట్టాను. రైకార్ట్ పెన్ను లాక్కుని తనూ పెట్టాడు. ఎవర్నీ అడక్కుండా థియేటర్ తలుపుకి అతికించాను.

రెండు రోజులకి డైరెక్టర్ పిలిచాడు. పొడుగాటి బల్ల, కుర్చీకీ కుర్చీకీ దూరం, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన ముందు నా కాగితం, తలుపు మీదనుంచి చింపి తెచ్చింది.

"ఎవరి అనుమతితో అతికించారు?"

"సెవ్గీ అనుమతితో."

"ఆవేశం వద్దు డాక్టర్. గొంతు స్కాన్ వల్ల తుంపరలు లేస్తాయని గట్టి ఆధారాలు లేవు. నిపుణులు చూసే తీసేశారు."

"ఏ నిపుణులు? ఒక్కడన్నా జన్మలో ఆ ప్రోబ్ పట్టుకున్నాడా? ఆధారం కావాలా మీకు? అయిదో అంతస్తులో ఉంది, బోర్లా పడుకోబెట్టాం, వెళ్ళి చూడండి! ఆ ఏడోదాన్ని కొట్టేసింది ఎవరో నాకు పేరు కావాలి."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"పేరు కావాలంటే మీ ఇంట్లో అడగండి డాక్టర్" అన్నాడు.

*

ఆ సాయంత్రం మెట్లమీద పళ్ళెంలో తెల్ల ఆస్పరాగస్ ఉంది, పైన నలిపిన గుడ్డు, వెన్న. ఆ ఏడు మొదటిసారి వచ్చాయి. ఏటా వాటికోసం మా ఇంట్లో చిన్న పండగలాంటిది చేస్తాం. యోస్ట్ కింది మెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు, నేను తింటానా అని.

"నువ్వేనా?" అన్నాను.

ఏమిటని అడగలేదు. ఆ అడక్కపోవడంతోనే నాకు అర్థమైపోయింది.

"ఆరోజు లెక్కకి, ఆరింటికైతే పదకొండు రోజుల నిల్వ ఉంది" అన్నాడు. "ఏడూ ఉంచితే ఎనిమిదో రోజుకి ఐసీయూలో ఒక్కటి కూడా మిగలదు. ఏదో ఒకటి తీసెయ్యాలి, ఏది తీసెయ్యొచ్చో కమిటీలో నన్ను చెప్పమన్నారు."

"నువ్వేమన్నా డాక్టర్‌వా చెప్పడానికి?"

"డాక్టర్లు ఎవరిదీ తియ్యనివ్వలేదు. ముక్కు చెవి వాళ్ళు తమది ఉంచాలన్నారు. ఊపిరితిత్తుల వాళ్ళు తమది ఉంచాలన్నారు. మీ వాళ్ళ తరఫున ఆ గదిలో ఎవరూ లేరు."

"నువ్వున్నావు!"

"అందుకే." అతను మెట్టుమీద కూలబడ్డాడు. "అందరూ నావైపే చూస్తున్నారు లీవా. అది నా భార్య చేసే పని అని వాళ్ళకి తెలుసు. దాన్ని ఉంచి ఇంకోటి కొట్టేస్తే పెళ్ళాం కోసం చేశాడంటారు. నాది నేను కొట్టేస్తే ఎవరూ నోరెత్తరు అనుకున్నాను. ఎవరూ ఎత్తలేదు."

"అది నీదా? ఆ దవడ ఎత్తేది నువ్వా?"

"కాదు."

"ఆరోజు పొద్దున మెట్లమీద నాకు కాఫీ పెట్టింది నువ్వే. ఒక్క ముక్క చెప్పలేకపోయావా? చెప్తే ఆరోజే ఆ చిన్న ప్రోబ్ తీసేదాన్ని. ఓర్హాన్ పెట్టె తాళం పగలగొట్టేదాన్ని. ఏదో ఒకటి చేసేదాన్ని!"

"చెప్తే ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకునేదాన్ని కాదు! అందుకే చెప్పాలి!"

పళ్ళెం తీసుకెళ్ళి కిందికి విసరలేదు. విసరాలనిపించింది. అలాగే మెట్టుమీద వదిలేసి తలుపు వేసుకున్నాను. పొద్దున చూస్తే వెన్న గడ్డకట్టి ఉంది.

*

ఇరవై నాలుగు రోజులకి సెవ్గీకి గొట్టం తీశారు. మే ఆఖరుకి ఇంటికి పంపారు. రెండు మెట్లెక్కితే ఒకసారి కూర్చోవాలి. గొంతు బొంగురుపోయింది. ఇక ఆపరేషన్ థియేటర్ మాట మర్చిపోవాల్సిందేనని డాక్టర్లు చెప్పేశారు. ఉద్యోగంలో వచ్చిన జబ్బని ఆసుపత్రి ఒప్పుకుంటేనే ఆమెకి ఆసరా. ఆసుపత్రి విచారణ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. జూన్‌లో వాళ్ళ ఇంటి వెనక పెరట్లో కూర్చుని నాకు చదివి వినిపించింది.

"'వ్యాధి కార్యస్థలంలోనే సోకిందని నిర్ధారించలేము. కుటుంబ కలయికలలో సోకి ఉండవచ్చు.'" ఆగి ఊపిరి తీసుకుంది. "కుటుంబ కలయికలట! మా వలసవాళ్ళ పేర్లు చూసి ఇంట్లో ఇరవైమంది ఉంటారనుకున్నారు వెధవలు. ఓర్హాన్, నేను, ఒక పిల్లి. పిల్లిని కూడా పరీక్ష చేయించమను."

"నేను సాక్ష్యం చెప్తాను. నాలుగూ పదికి ఏం జరిగిందో చెప్తాను."

"మొదటి జాబితా కావాలంటున్నాడు మా యూనియన్ ఆయన. ఏడోది ఉన్న కాగితం. దాన్ని కొట్టేశారని చూపిస్తే గానీ మనమాట నిలబడదట. అది ఎక్కడుంటుందో నీకేమన్నా తెలుసా?"

తెలుసు. యోస్ట్ ఫైల్లో ఉంది, అతని చేతిరాతతో. చెప్పాను. ఎవరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో అంతా చెప్పాను.

సెవ్గీ ఆ ఉత్తరం మడత పెట్టింది.

"ఆరోజు మాస్క్ నువ్వు పెట్టుకున్నావని నాకు కోపం లేదు" అంది. "నేనే పెట్టుకోమన్నాను. ఇది నీకెప్పుడు తెలిసింది?"

"ఏప్రిల్లో."

"నాకు మెలకువ వచ్చి ఆరువారాలైంది. వారానికి రెండుసార్లు వచ్చావు. సూప్ తెచ్చావు. జుట్టు దువ్వావు." బొంగురు గొంతు ఇంకా తగ్గింది. "వెళ్ళు లీవా. ఇవాళ్టికి వెళ్ళు."

మొదటిసారి ఆమె నన్ను డాక్టరమ్మా అనలేదు.

ఆ సాయంత్రం మెట్లు దిగి వెళ్ళి వంటింట్లో యోస్ట్ ఎదురుగా కూర్చున్నాను. విచారణ తేదీ చెప్పాను. ఉత్తరంలో రాసింది చెప్పాను. కాగితం ఇమ్మని అడగలేదు. తీసుకుంటాను, దొంగిలించైనా తీసుకుంటానని చెప్పాను.

విచారణ రోజు అతన్నెవరూ పిలవలేదు. నేను చెప్పడం ముగించి కూర్చున్నాక తలుపు తెరుచుకుని వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. డైరెక్టర్ లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. యోస్ట్ కాగితం తీసి బల్లమీద పెట్టాడు.

"ఏడు అంశాలూ ఉన్న జాబితా ఇది. ఏడోదానిమీద గీత నాది. అపాయం లేదని తీసెయ్యలేదు. మాస్కులు చాలవని తీసేశాం. ఆధారాలు లేవన్న మాట తర్వాత కలిపారు. ఆ ముక్క మీటింగులో ఎవరూ అనలేదు" అన్నాడు.

చివర్న కూర్చున్న సెవ్గీ అతన్ని చూసింది. తల ఊపలేదు, తిప్పుకోనూ లేదు.

ఉద్యోగంలో వచ్చిన జబ్బే అని రాశారు. వారానికల్లా నా కాగితం ఆసుపత్రి నియమంగా మళ్ళీ తలుపెక్కింది. కింద మా సంతకాలు లేవు, డైరెక్టర్ సంతకం ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. యోస్ట్ స్టోర్స్ ఉద్యోగం వదిలేశాడు. వదిలించారు అనాలి.

విచారణ మర్నాడు, శనివారం, నా బట్టలు రెండు పెట్టెల్లో సర్దాను. నది అవతల ఒక చిన్న ఇల్లు చూసుకున్నాను. టీనె ఒక పెట్టె పట్టుకుని కారు దాకా వచ్చింది. ఎందుకని అడగలేదు. సగం రోజులు నీ దగ్గర ఉంటానంది. యోస్ట్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్న అందరిముందూ నిజం చెప్పాను కదా లీవా" అన్నాడు.

"చెప్పావు యోస్ట్. సెవ్గీకి పనికొచ్చింది" అన్నాను. "నాకది మార్చిలో కావాల్సింది."